మానెడు తవుడు

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. కూర్చున్నా కాలు ఊగుతూనే ఉంటుంది. నరసన్నపేట బజారులో మా ఫ్యాన్సీ షాపు కౌంటర్ వెనక స్టూలు మీద పాతికేళ్ళుగా ఉన్నానన్న మాటే గానీ, గంటకి పదిసార్లు లేచి గాజుల డబ్బాలు సర్దుతాను. సర్దినవే మళ్ళీ సర్దుతాను. మా ఆయన దీన్ని రోగం అంటాడు. అందుకే ఈ పాత రికార్డుల పని దొరికినప్పుడు నాకంటే ఆయనే ఎక్కువ సంతోషపడ్డాడు. రెండు నెలలు తిరిగేసరికి ఆ సంతోషం కాస్తా పోయింది.

"ఏటే, బతికున్నోల్లు ఎదర నిలబడి రిబ్బన్లు అడుగుతుంటే, సచ్చినోల్ల కాడ కూకున్నావు" అనేవాడు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఊరి మునసబు దగ్గర జనన మరణాల పుస్తకాలుండేవి. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఎవరు పోయినా, ఎవరో ఒకరు వెళ్ళి చెప్తే ఆయన రాసుకునేవాడు. చెదలు తినగా మిగిలిన పుస్తకాలకి ఎవరో ఓపికగా ఫొటోలు తీసి పెట్టారు. ఆ ఫొటోలు చూసి అందులోని రాతని మేం కంప్యూటర్లో కొట్టాలి. తాతముత్తాతల్ని వెతుక్కునేవాళ్ళు ఏ దేశంలో ఉన్నా ఊరికే చూసుకోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళం పదకొండు మందిమి ఈ పనిలో ఉన్నాం. ఎవరికీ జీతం లేదు, ఎవరూ అడగలేదు.

ప్రతి పేజీనీ ఇద్దరు విడివిడిగా కొడతారు. ఇద్దరిదీ ఒకేలా ఉంటే సరే. తేడా వస్తే మూడో మనిషి చూసి ఏది ఉండాలో తేలుస్తారు. నేను వేగంగా చేస్తానని ఆ మూడో మనిషి పని నాకిచ్చారు. ఆ రోజు నేను కొంచెం పొంగిపోయాను, దాచుకోవడం ఎందుకు.

నా దగ్గరికి వచ్చే తేడాల్లో సగం పొందూరాయనవే. ఖద్దరు సంఘంలో నూలు నాణ్యం చూసే పని చేసి రిటైరైన మనిషి. నేను పావుగంటలో ముగించే పేజీకి ఆయన ఒక పూట తీసుకుంటాడు. ఫారం అడుగున విశేషాలని ఒక గడి ఉంటుంది. నింపినా సరే, నింపకపోయినా సరే. మేమెవరమూ నింపం. ఆయన మాత్రం మునసబు పేజీ అంచున గీసిన గీత కూడా వదలడు. 'ఇక్కడ సిరా ఒలికింది' అని రాస్తాడు. 'ఒక మాట రాసి కొట్టివేశారు' అని రాస్తాడు. ఉన్నది ఉన్నట్టు రాయాలన్నది మా పనికి ఉన్న ఒకే ఒక్క నియమం, నిజమే. కానీ ఒలికిన సిరాని ఎవరు వెతుక్కుంటారు? ఆయన పేజీ వచ్చినప్పుడల్లా విశేషాల గడి మొత్తం చెరిపేసేదాన్ని. ఒక్క నొక్కు. ఎందుకు చెరిపారని ఆయన ఏనాడూ అడగలేదు. అడగకపోవడం నాకు ఇంకా చిరాకుగా ఉండేది.

ఖరగ్‌పూర్ అప్ప పరిచయమైంది ఈ పనిలోనే. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ నాకు చుట్టం కాదు. ఎవరో నా నంబరిస్తే ఫోన్లో వాయిస్ మెసేజు పెట్టింది. "సెల్లీ, నాను ఖరగ్‌పూర్ నుంచి మాట్లాడతన్నాను. మాది రైల్వే కుటుంబం. మా యమ్మది మీ వంశదార పక్క ఊరు" అని మొదలుపెట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ బెంగాలీల మధ్య బతికిన మనిషి నోట్లో మా భాష ఎక్కడా చెడలేదు. మాకంటే ఆవిడ మాటే పాతగా, గట్టిగా ఉంది.

ఆవిడ కోరిక పెద్దదేం కాదు. వాళ్ళమ్మ చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుంది. మేనత్త ఆమెని రైల్వే గ్యాంగులో పనిచేసే ఒకడికిచ్చి పెళ్ళిచేస్తే రైలెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ నేల మీద కాలు పెట్టలేదు. ఎనభై దాటాక పోయింది. పోయేదాకా ఒకటే మాట అనేదట, పుట్టింటి గడపకి ఒక్క పండక్కీ పసుపు రాయలేకపోయానని. "నాకూ డెబ్బై దాటీసేయి. ఆ గడప ఎక్కడున్నాదో సెప్పు. మా యమ్మ బదులు నాను పసుపు రాసీసి వస్తాను. ఇంకేటీ వొద్దు" అంది.

ఆవిడకి తెలిసినవి మూడే. ఊరి పేరు, వాళ్ళమ్మ పేరు, ఉజ్జాయింపుగా వయసు. తాత పేరు ఎప్పుడూ వినలేదట. నాన్న అనే అనేదట వాళ్ళమ్మ. అడగాలని అప్పట్లో తోచలేదట. నేను ఆ ఊరి పుస్తకం తెరిచి వెతికాను. శ్రీముఖలింగానికి కాస్త దూరంలో ఏటి ఒడ్డున ఉన్న ఊరది. అన్నేళ్ళ పేజీల్లో ఆ పేరున్న ఆడపిల్ల ఒక్కతే. తండ్రి పేరు, తల్లి పేరు, వీధి అన్నీ ఉన్నాయి. ఆ వంశంవాళ్ళు ఇప్పటికీ అదే వీధిలో ఉన్నారని మా షాపుకి వచ్చే ఒకావిడ చెప్పింది. దొరికిందని ఆ మధ్యాహ్నమే అప్పకి ఫోన్ చేశాను. అటువైపు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నేను కౌంటర్ దగ్గర నిలబడి గర్వంతో రెండు బొట్టుబిళ్ళల ప్యాకెట్లు ఎవరికో ఊరికే ఇచ్చేశాను.

పది రోజుల్లో టికెట్ తీయించుకుంది. రాత్రంతా ప్రయాణం చేసి ఉదయానికి ఆమదాలవలసలో దిగుతుంది.

అప్ప రైలెక్కే రోజు మధ్యాహ్నం నాకు ఇంకేం తోచలేదు. షాపులో దుమ్ము దులిపాను. దులిపిన అర మళ్ళీ దులిపాను. ఆ పేజీ ఫొటో ప్రింటు తీసి, కవర్లో పెట్టి అప్ప చేతికిద్దామనిపించింది. ఫొటో తెరిచి, అక్షరాలు బాగా కనబడాలని పెద్దది చేశాను. అప్పుడు కనబడింది. అంచున, చివరి గీత పక్కన, చిన్న రాతలో రెండు మాటలు. మానెడు తవుడు.

నా కాలు ఊగడం ఆగిపోయింది. ఆ మాటలు నాకు కొత్త కాదు. నెలల కిందట పొందూరాయన విశేషాల గడిలో వాటిని కొట్టాడు. మునసబు తన ఇంటి గేదె దాణా గురించి రాసుకున్నాడేమో, అదీ వదల్లేదు ఈ మనిషి అని నవ్వుకుంటూ నేను చెరిపేశాను.

మా జిల్లాల్లో పుట్టినవాళ్ళెవరూ చేయకూడని తప్పు అది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డని ఇక్కడ ఆ ఇంటి బిడ్డగా ఉండనివ్వరు. చేటలో పడుకోబెట్టి, పిల్లలు దక్కిన మరో ఇల్లాలి చేతిలో పెడతారు. ఈ బిడ్డ నీదే అంటారు. ఆవిడ తీసుకుంటుంది. తర్వాత కన్నవాళ్ళే పరాయివాళ్ళలా వెళ్ళి, మానెడు తవుడు పోసి ఆ బిడ్డని కొనుక్కుని తెచ్చుకుంటారు. తవుడుకి వచ్చిన బిడ్డ మీద చావు కూడా ఆశపడదని నమ్మకం. తవుడు కలిసిన పేరే పెడతారు. అలాంటి పేరున్నవాళ్ళు మాకు వీధికొకరు ఉంటారు. మా సొంత పెదనాన్నది అదే పేరు. అప్ప వాళ్ళమ్మదీ అదే. రోజూ వినే పేరు కాబట్టి అది ఎందుకు పెడతారో ఒక్క క్షణం కూడా తలచుకోలేదు. నా వేగం నా కళ్ళని మింగేసింది.

పొందూరాయనకి ఫోన్ చేశాను. అంతకుముందు ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. పేజీ చెప్పగానే ఆయనకి గుర్తొచ్చింది.

"అవునండి. నాను రాసేను. మీరు తీసీసేరు" అన్నాడు. అందులో నిష్ఠూరం ఏమీ లేదు.

"మరి నాకు చెప్పాల్సింది కదండీ" అన్నాను. తప్పు నాదైనప్పుడు నాకు కోపం త్వరగా వస్తుంది.

"సెప్తే ఇంటారో ఇనరో అనుకున్నాను. సరే గానండి, పుస్తకం ఎదర ఉందా? ఆ గడిలో సూడండి, పుట్టుక తెలిపింది ఎవులు?"

చూశాను. తల్లి అని ఉంది. పుట్టిన మూడో రోజున తల్లే వచ్చి చెప్పినట్టు ఉంది.

"మూడోనాటికి బాలింత గుమ్మం దాటి మునసబు ఇంటికి నడిసి ఎల్తాదాండి?" అన్నాడు ఆయన. "ఇంకొకటి. ఐదు నెలలు ఎనక్కి తిప్పండి. అదే తల్లికి మగపిల్లడు."

తిప్పాను. ఉన్నాడు. అదే తల్లి, అదే తండ్రి, మగపిల్లడు. ఆ పేజీ కొట్టింది నేనే. ఐదు నెలల తేడాతో ఒక తల్లికి ఇద్దరు బిడ్డల్ని నేనే అంటగట్టి, ముందుకి పోయాను.

ఫోన్ పెట్టేసి మరణాల పుస్తకం తెరిచాను. ఈసారి మెల్లిగా చదివాను. అదే వీధిలో, ఆ ఆడపిల్ల పుట్టకముందు ఏడేళ్ళలో, ఒకే ఇంట్లో నలుగురు పసిపిల్లలు పోయారు. ఒకడు ఎనిమిది రోజులవాడు. ఒకతె నెల పిల్ల. ఇంకో ఇద్దరికి వారం కూడా లేదు. నాలుగుసార్లూ పేరు గడిలో 'పేరు పెట్టలేదు' అని ఉంది. నాలుగుసార్లూ తెలిపింది తండ్రి. తర్వాత ఆ ఇంట్లో ఒక్క పుట్టుక కూడా పుస్తకంలోకి రాలేదు. ఆ నాలుగు పేజీలూ నా చేతుల మీదుగా పోయినవే. ఆ నెల అందరికంటే ఎక్కువ పేజీలు చేశానని గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను అందరికీ థాంక్యూ చెప్పాను.

అప్పకి ఫోన్ కలిపాను. ఒక రింగు మోగగానే కట్ చేశాను. మళ్ళీ కలిపాను, మళ్ళీ కట్ చేశాను. ఆవిడే చేసింది. "ఏటి సెల్లీ, రెండుసార్లు చేసేవు? నాను రైల్లో ఎక్కీసేను. సీటు దొరికీసింది. పుట్టింటోల్లకి సందేష్ మిఠాయి పెట్టె కొన్నాను, పాడవదు కదా?" అంది. పాడవదు అప్పా అన్నాను. అంతటితో ఫోన్ పెట్టేసి గాజుల డబ్బాలు సర్దాను.

మర్నాడు స్టేషన్లో దిగిన మనిషి నేననుకున్నదానికంటే పొట్టిగా, చురుగ్గా ఉంది. భుజానికి సంచి, చేతిలో మిఠాయి పెట్టె. నన్ను చూడగానే పెట్టె నా చేతిలో పెట్టి నా చెంపలు రెండూ నిమిరింది. నేను ఆటో మాట్లాడాను. ఆవిడ దారిపొడుగునా ఊళ్ళ పేర్లు బోర్డుల మీద చదువుతోంది, ఇది అమ్మ చెప్పేది, ఇదీ చెప్పేది అంటోంది. సంచిలోంచి పసుపు పొట్లం తీసి చూపించింది. ఖరగ్‌పూర్‌లో వాళ్ళింట్లో దంచిన పసుపట. నేను పెట్టెని ఒక తొడ మీంచి ఇంకో తొడ మీదకి మారుస్తూ కూర్చున్నాను. వరి చేలు దాటాయి, ఏరు కనబడింది, ఇంక ఊరు దగ్గరపడుతోంది.

"అప్పా, ఒక తప్పు చేశాను" అన్నాను చివరికి.

అన్నీ చెప్పాను. చెరిపేసిన మాటలూ, ఐదు నెలల పిల్లాడూ, నలుగురు పేరులేని పిల్లలూ. మనం వెళ్తున్నది మీ అమ్మని కన్నవాళ్ళ ఇంటికి కాదని చెప్పాను. ఆవిడ ఆటో ఆపించింది. దిగి, రోడ్డు వారన నిలబడి, సీసాలో నీళ్ళు తాగింది. కోపంగా ఉంది. దాచుకోలేదు.

"సదివినదానివి కదా. రెండు మాటలు నీకు బరువైపోయేయా?" అంది.

కాలేదు అప్పా, తొందర అన్నాను. ఆవిడ ఏటివైపు చూస్తూ నిలబడింది. నాకు సిగ్గుతో ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. అటూ ఇటూ నడిచాను. ఆటో అతను బీడీ ముట్టించుకున్నాడు, అది అయిపోయింది.

"మా యమ్మకి ముందు నలుగురు ఉండేవోరని నాకు తెల్దు" అంది కాసేపటికి. "ఒక్కద్దాన్నే అనేది. పద. ఇంతదూరం వొచ్చి తిరిగిపోతానేటి?"

పుస్తకంలో ఉన్న ఇల్లు పెంకుటిల్లే, ముందు భాగం మాత్రం శ్లాబు వేశారు. గడప పాతది, వెడల్పాటి కర్రది. అరుగు మీద ఎనభై దాటిన ముసలావిడ చింతపండు గింజలు తీస్తోంది. నా చేతిలో ఆ పేజీల ప్రింట్లున్న కవర్ చూసి ఆవిడ మొహం ముడుచుకుంది.

"బూమి కాయితాలేటి? మాకు అలాటివేవీ తెల్దు" అంది.

కాదని చెప్పి, అప్ప వాళ్ళమ్మ పేరు చెప్పాను. ముసలావిడ చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది. అప్పని కిందనుంచి మీదదాకా చూసింది.

"తవుడికిచ్చిన పిల్ల కూతురివా?" అంది. "మా యత్త సెప్పీసెప్పీ సచ్చింది ఆ కత. మా ఇంటాయనా, ఆ పిల్లా ఒక్క ఈడోల్లు. ఇద్దరూ ఒక్క పాలే తాగేరట."

ఆవిడ చెప్పింది మేమిద్దరం అరుగు మీద కూర్చుని విన్నాం. ఎదురింట్లో నలుగురు పోయారు. నాలుగుసార్లూ తండ్రే మునసబు దగ్గరికి నడిచి వెళ్ళి రాయించి వచ్చాడు. ఐదో కాన్పుకి ఆడపిల్ల పుడితే, ఆయన మునసబు ఇంటికి వెళ్ళనన్నాడు. నేను రాయిస్తే ఇదీ పోతుందన్నాడు. పుస్తకంలో నా పేరు కింద ఈ పిల్ల ఉండకూడదన్నాడు. అందుకని పిల్లని తీసుకున్న ఈ ఇంటి ఇల్లాలే, అంటే ముసలావిడ అత్తే, మూడో రోజున వెళ్ళి, నేనే తల్లిని, మా ఆయనే తండ్రి అని చెప్పి రాయించింది. మునసబుకి తెలుసు. ఊరందరికీ తెలుసు. తెలిసే ఆయన అలా రాశాడు. పక్కన మానెడు తవుడు అని తన మనసు కోసం రాసుకున్నట్టున్నాడు.

"ఎతుక్కుంటా వొచ్చినోడికి ఆ పిల్ల దొరక్కూడదు కదా, అందుకు" అంది ముసలావిడ. వచ్చేవాడంటే చావు అని విడమరిచి చెప్పలేదు. మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది.

ఎదురిల్లు ఇప్పుడు లేదు. ఆ జాగాలో పాల కేంద్రం ఉంది. దానికి ఇనప షట్టరే గానీ గడప లేదు. అప్ప వెళ్ళి షట్టర్ ముందు నిలబడింది, సిమెంటు నేలని చేత్తో తాకింది, వచ్చేసింది.

నేను అప్పటికే ఫోన్ తెరిచాను. తప్పు తెలిశాక దాన్ని అలా ఉంచి ఒక్క నిమిషం కూడా నిలబడలేను. "అప్పా, ఇప్పుడే సరిచేసేస్తాను. నీ తాత పేరు, అమ్మమ్మ పేరు దొరికాయి. తల్లీ తండ్రీ గడులు మార్చి పంపిస్తే మీ అమ్మ తన ఇంటికి చేరుతుంది" అన్నాను. నా వేళ్ళు ముందే ఆ పేజీలోకి వెళ్ళాయి.

ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి ఫోన్ కిందకి దించింది.

"ఒద్దు సెల్లీ."

"తప్పు కదా అప్పా."

"తప్పు కాదు. మా తాత కావాలని దాసేడు. మా యమ్మ ఎనబై ఏల్లు బతికింది. ఐదుగుర్ని కన్నాది. ఆ దాసినది పని సేసింది కదా. ఇప్పుడు నువ్వెల్లి బయటికి తీస్తావేటి?"

నేను ఫోన్ మూసేశాను. ఆవిడ సంచిలోంచి పసుపు పొట్లం తీసింది. ముసలావిడ లోపల్నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. అప్ప కింద కూర్చుని, ఆ వెడల్పాటి కర్ర గడపకి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పసుపు రాసింది. తొందరపడలేదు. నెర్రెల్లోకి కూడా వేలు పెట్టి రాసింది. నేను చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం ఆవిడని రైలెక్కించి షాపుకి వచ్చాను. పేజీ తెరిచాను. తండ్రి గడిలో పిల్లని తీసుకున్న ఇంటాయన పేరు, తల్లి గడిలో ఆ ఇల్లాలి పేరు ఉన్నవి ఉన్నట్టు వదిలేశాను. విశేషాల గడిలోకి వెళ్ళి, నేను చెరిపేసిన రెండు మాటలూ ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. పొందూరాయనకి కబురు పెట్టాను, మీ మాటలు మీ చోట పెట్టేశానని. సరేనండి అని జవాబిచ్చాడు.

మా ఆయన షట్టర్ దించడానికి వచ్చి, ఇంకా ఎన్ని పేజీలున్నాయే అని అడిగాడు. ఈ రోజుకి ఇదొక్కటే అన్నాను. స్టూలు మీంచి లేవలేదు.